పడ్డవాళ్లే ముందు

షోల్డెన్, నార్వే
ఫిబ్రవరి, మంచు కురుస్తున్న మంగళవారం

ఒరేయ్ హల్వార్,

నీ క్రిస్మస్ కార్డు నిన్న అందింది. పండగ వెళ్లిపోయాక ఇన్నాళ్లకి అక్క గుర్తొచ్చిందన్నమాట. స్వీడన్‌లో ఉండి ఉండి నెమ్మదితనం నీకు బాగా ఒంటబట్టింది. గున్నెల్‌కి నా ముద్దులు. నీతో కాపురం చేస్తున్నందుకు సానుభూతి కూడా.

ఇక్కడ నేను కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. పొద్దున పిల్లల్ని బస్సులో బడికి చేరుస్తాను, మధ్యాహ్నం మళ్లీ ఇళ్లకి చేరుస్తాను, ఆ రెంటికీ మధ్య కిటికీ దగ్గర నిలబడి కొండని తిట్టుకుంటాను. కొండ వెనక సూర్యుడున్నాడని అందరూ అంటున్నారు గానీ నాకింకా కనబడలేదు. భుజం ఎముక అతుక్కుంది. బండి తోలుకోవచ్చని డాక్టరు పోయిన నెలలోనే చెప్పేశాడు. "ఈసారి లోయలో కాకుండా రోడ్డు మీద తోలండి" అని జోకు కూడా వేశాడు మహానుభావుడు. నవ్వాను. పక్కటెముకలు ఇంకా లోపల గుచ్చుతున్నాయి.

బండి షెడ్డులో దుప్పటి కప్పుకుని ఉంది. తూర్‌గైర్ తెలుసుగా, పెట్రోలు బంకు ఆయన, మా మోటార్‌సైకిల్ సంఘానికి పెద్ద. ఆయనే వచ్చి వంగిన హ్యాండిల్ మార్చాడు, కొత్త టైర్లు వేశాడు. పోతూ పోతూ "గేటు రోజుకి సిద్ధమేనా సున్నివా?" అన్నాడు. నేను పుట్టిందే సిద్ధంగా అన్నాను.

గేటు రోజంటే నీకు తెలీదు. నువ్వు వెళ్లిపోయాక మొదలైన ఆచారం. వసంతంలో కనుమ దారి మీద మంచు తవ్వి, చలికాలమంతా మూసి ఉన్న గేటు ఎత్తే రోజున మేమంతా అక్కడ బారులు తీరతాం. గేటు లేవగానే మొదట వెళ్లేది సంఘం పెద్ద కాదు, గట్టిగా తోలేవాడూ కాదు. కిందటి ఏడు ఎవరు పడ్డారో వాళ్లు. కొండ దాటి అవతల లోమ్ చేరేదాకా వాళ్లని ఎవరూ దాటకూడదు. వాళ్లు నత్తలా పోతే వెనకున్న వాళ్లందరూ నత్తలే.

కిందటి ఏడు పడ్డది నేనొక్కదాన్నే.

ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో మలుపు తిప్పడం నేర్పించేదాన్ని నేను. ఇప్పుడు వాళ్లందరి ముందూ, నా వీపు వాళ్లకి అప్పజెప్పి, నేను తోలాలి. తోలతాను. చేతులు దురదపెడుతున్నాయంటే నమ్ము. జూన్‌లో నువ్వు కూడా రా. ఆ సూటి రోడ్ల ఊళ్లో నీ బండికి హ్యాండిల్ ఎందుకుందో నాకు ఎప్పటికీ అర్థం కాదు. అటూ ఇటూ తిప్పే పనే లేదుగా.

నీ అక్క
సున్నివా

*

వారా, స్వీడన్
మార్చి నెల

అక్కా,

హ్యాండిల్ అద్దాలు తగిలించుకోవడానికి. అద్దాల్లో గున్నెల్ స్కార్ఫు ఎగరడం చూసుకోవచ్చు. నీ అనుమానం తీరిందా?

మాకు మంచు కరిగిపోయింది. ఆదివారం బండి తీశాను. మా మిల్లు దగ్గర్నుంచి బయల్దేరితే రోడ్డు గీత గీసినట్టు పొలాల మధ్య పోతుంది. చాలా దూరాన చర్చి గోపురం కనిపిస్తుంది. దాన్నే చూస్తూ పోతాను. అది మెల్లగా పెద్దదవుతుంది. పక్కగాలి తోస్తే బండిని కాస్త గాలికి ఆనించి పట్టుకోవాలి, అంతకు మించి పనేం లేదు. ఆలోచనలు వస్తాయి, పోతాయి. ఇంటికొచ్చేసరికి తల కడిగినట్టుంటుంది.

నువ్వు నవ్వుతావని తెలుసు. చిన్నప్పటి ఇల్లు గుర్తుందా? కిటికీలోంచి చూస్తే ఎదురుగా రాయి, పైన చేతిరుమాలంత ఆకాశం. బడికి వెళ్లే దారిలో ప్రతి మలుపు దగ్గరా నా గుండె దడదడలాడేది. అవతల ఏముందో తెలీదు. లారీ ఉండొచ్చు, మన పక్కింటి పొట్టేలు ఉండొచ్చు. నువ్వు సైకిల్ మీద నా ముందు పరిగెత్తుతూ "రారా పిరికిపందా!" అని అరిచేదానివి. నాకు ముందేముందో కనబడాలక్కా. అందుకే ఈ చదునునేల మీదికి వచ్చిపడ్డాను. ఇంతవరకు విచారించలేదు.

గున్నెల్ ఒకమాట అంది. మలుపులంటే పడిచచ్చేవాళ్లు తమతో తాము ఒక్క నిమిషం కూర్చోలేరట. అన్నది ఆవిడ, నన్ను తిట్టకు.

ఇంకొకటి అడుగుతాను, దానికీ తిట్టకు. ఎలా పడ్డావు? ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు కంకర అని ఒక్కమాట అన్నావు, మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు. నువ్వేమో పొరుగువాడి పంటినొప్పి గురించి కూడా మూడు పేజీలు రాసే మనిషివి. గేటు రోజున నిజంగా వెళ్దామనే ఉందా? వెళ్లకపోతే కొంపలేం మునగవు.

తమ్ముడు
హల్వార్

*

షోల్డెన్
ఏప్రిల్, శనివారం

హల్వార్,

కంకర. మలుపులో కంకర ఉంది. వెనక చక్రం జారింది. ఇంకెన్నిసార్లు చెప్పాలి? కావాలంటే రాయి మీద చెక్కించి పంపుతాను.

వెళ్లకపోతే కొంపలు మునగవట! నీకేం, చర్చి గోపురం పెద్దదవుతుంటే చూస్తూ కూర్చునేవాడివి. దాన్ని బండి తోలడం అనరు నాయనా, కుర్చీలో కూర్చుని గాలి పీల్చడం అంటారు. మలుపు నిన్ను అడుగుతుంది. ఎంత వేగంతో వచ్చావు, ఏ గేరులో ఉన్నావు, ఎటు చూస్తున్నావు అని. తప్పు చెబితే అక్కడికక్కడే చెంప పగులుతుంది. సరిగ్గా చెబితే వెంటనే ఇంకోటి అడుగుతుంది. ఆ కాసేపట్లో బస్సు గుర్తుండదు, ఇల్లు గుర్తుండదు, మోకాళ్ల నొప్పి గుర్తుండదు. మా ఆయన చనిపోయిన ఏడు నేను పిచ్చిదాన్ని కాకుండా నన్ను కాపాడింది ఈ కొండే. కాబట్టి గున్నెల్‌కి చెప్పు, నాతో నేను కూర్చున్నది చాలు, నాకు ఆ కంపెనీ నచ్చలేదని.

మా సంఘంలో ఎవరైనా కొత్తగా వస్తే పేరు తర్వాత అడుగుతాం, ముందు వంగి టైరు చూస్తాం. మలుపులో బండిని బాగా ఒరిగించేవాడి టైరు అంచులదాకా అరుగుతుంది. ఒరిగించడానికి జంకేవాడికి అంచున అరగని చార ఒకటి మిగిలిపోతుంది. దాన్ని భయపు చార అంటాం. మనిషి ఎన్ని కోతలైనా కొయ్యొచ్చు, టైరు కొయ్యదు. నీ టైరు నేను చూడక్కర్లేదు. మధ్యలో అరిగి పీటలా చదునైపోయి ఉంటుంది.

ఇక్కడ కింద రోడ్డు ఆరిపోయింది. తూర్‌గైర్ వాళ్లు ఫ్యోర్డు నీళ్ల ఒడ్డున తిరగడం మొదలెట్టారు, రోజూ మా ఇంటి ముందు హారన్ కొట్టిపోతారు. నేను వెళ్లలేదు. అలాంటి చిల్లర తిరుగుళ్లు నాకెందుకు, వెళ్తే కొండకే వెళ్తాను. సాయంత్రాలు షెడ్డులోకి వెళ్లి బండెక్కి కూర్చుంటాను. స్టార్ట్ చేస్తాను. కాసేపు విని ఆపేస్తాను. ఇంట్లోకి వస్తే ఇంట్లో ఉండబుద్ధి కాదు, మళ్లీ షెడ్డులోకి వెళ్తాను. పక్కింటి రన్‌వైగ్ "పొగతో చస్తావే" అని కేకలేస్తుంది.

మే మొదటి ఆదివారం గేటు తెరుస్తారని బోర్డు పెట్టారు.

సున్నివా

*

వారా
ఏప్రిల్ ఆఖరు

అక్కా,

కంకర గురించి మళ్లీ అడగను. ఒట్టు.

ఉత్తరం చిన్నదే, ఏమనుకోకు. మోకాలు వాచింది, బల్ల ముందు కూర్చోలేకపోతున్నాను. నిచ్చెన జారింది. గున్నెల్ పక్కనే నిలబడి నవ్వుతోంది. ఎందుకో అడగకు.

మా మిల్లు నుంచి మీ వైపు పశువుల దాణా తోలే లారీ ఆయన ఉన్నాడు, గుట్టోర్మ్ అని, మీ నార్వే మనిషే. ఈసారి షోల్డెన్ లోడు కూడా ఉందట. అతని చేతికి నీకిష్టమైన కరకర రొట్టె ఒక పెట్టె ఇచ్చి పంపుతున్నాను. ఊరికే తీసుకోకు, కాఫీ ఇచ్చి పంపించు. నోరు ఆగని మనిషి, సరదాగా ఉంటుంది.

టైరు అంచుల సంగతి రాశావుగా. కొత్త టైరుకి సన్నగా రబ్బరు వెంట్రుకలుంటాయి చూడు, నాలుగు రోజులు తిప్పితే రాలిపోయేవి, అవి నీ బండికి ఇంకా ఉన్నాయా? ఊరికే అడిగాను.

గేటు రోజు ఎలా జరిగిందో మొత్తం రాయి. నువ్వు రాస్తే నాకు ఆ రోడ్డు కళ్లకు కడుతుంది.

హల్వార్

*

షోల్డెన్
మే, ఆదివారం సాయంత్రం

ఒరేయ్ హల్వార్!

అయిపోయింది! వెళ్లొచ్చాను! ఇంకా చేతులు వణుకుతున్నాయి. చలికిలే.

పొద్దున్నే గేటు దగ్గర చేరాం. ఎండ పెళ్లున కాస్తోంది. గేటు అవతల రోడ్డుకి రెండు పక్కలా మంచుగోడలు, నా బస్సు కంటే ఎత్తు. కాఫీలయ్యాయి. తూర్‌గైర్ హెల్మెట్ చేత్తో పట్టుకుని "పడ్డవాళ్లే ముందు!" అని గొంతు చించుకుని అరిచాడు. అందరూ హారన్లు మోగించారు. గేటు లేచింది. నేను కదిలాను.

మొదటి హెయిర్‌పిన్ మలుపు. గేరు దించాను, చూపుని మలుపు చివరికి విసిరాను. చూపు వెనకే భుజాలు, భుజాల వెనకే బండి. నేను ఇరవై ఏళ్లుగా పిల్లకాయలకి చెప్పేది అదేగా, కన్ను ఎటో బండీ అటే. కాలికింది కడ్డీ రోడ్డుని గీరిన చప్పుడు వినిపించింది. అబ్బ, ఆ చప్పుడు! బండిని ఎత్తాను, రెండోవైపు పడేశాను, మళ్లీ ఎత్తాను. వెనక అద్దంలో దీపాలన్నీ ఒక దండలా మలుపులు తిరుగుతూ వస్తున్నాయి. నా మలుపు వచ్చింది. కంకర లేదు. శుభ్రంగా కోశాను దాన్ని, వెన్నలో కత్తి దింపినట్టు.

పైన ఎండకి మంచు మెరిసి కళ్లు చెదిరాయి. లోమ్‌లో కేకు తిన్నాం. తూర్‌గైర్ నా టైరు వంక చూసి "భయపు చార మచ్చుకైనా లేదే" అన్నాడు. వచ్చేటప్పుడు ఇంకా బాగా తోలాను. తమ్ముడూ, నేను మళ్లీ నేనైపోయాను. నువ్వు బెంగపెట్టుకోకు.

జూన్‌లో వస్తున్నావుగా?

నీ అక్క
సున్నివా

*

వారా
మే, గురువారం

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలెట్టి చించాను. గున్నెల్ ఇక చించనివ్వనంది.

గుట్టోర్మ్ నిన్న తిరిగొచ్చాడు. శనివారం రాత్రి మీ కొండ మీద మంచుతుఫాను పట్టిందట. తవ్విందంతా మళ్లీ పూడిపోయిందట. ఆదివారం గేటు తెరవనే లేదట. మీ సంఘం వాళ్లు గేటు ముందు నిలబడి కాఫీ తాగి, ప్రభుత్వాన్నీ దేవుణ్నీ సమానంగా తిట్టి వెనక్కి మళ్లారట. వాళ్లతో పాటు అతనూ కాఫీ తాగాడు. సున్నివా ఎవరని అడిగితే జలుబు చేసి రాలేదన్నారట. రొట్టె పెట్టె మీ గుమ్మంలో పెట్టి తలుపు కొట్టాడట. లోపల రేడియో మోగుతోందట గానీ ఎవరూ తియ్యలేదట.

నీ ఆదివారం సాయంత్రం ఉత్తరం మీద శుక్రవారం ముద్ర ఉంది.

అంటే ముందే రాసి పోస్టులో వేసేశావు. ఆ రోజు ఎలా జరుగుతుందో నీకు కంఠతా వచ్చు. ఎండ, గోడలు, తూర్‌గైర్ కేక. ఒక్క తుఫానుని మాత్రం నువ్వు లెక్కేసుకోలేదు.

నాకు కోపం లేదు. నిజం చెప్పాలంటే ఉత్తరం చదువుతూ నేను ఏడ్చాను, అక్క మళ్లీ లేచిందని. రెండోసారి చదివినప్పుడు ఇంకోలా ఏడ్చాను.

నేనూ నీకు అబద్ధం చెప్పాను. నిచ్చెన లేదూ పాడూ లేదు. ఏప్రిల్ నుంచీ పని అయ్యాక మిల్లు ఆవరణలో, లారీలు తిరిగే జాగాలో, ఖాళీ రంగు డబ్బాలు పేర్చి వాటి చుట్టూ గుండ్రంగా తిరుగుతున్నాను. జూన్‌లో నీ వెనక వస్తే నువ్వు అద్దంలో చూసి పరువు తీస్తావని. కుడికి బాగానే తిరుగుతున్నాను. ఎడమకి తిరుగుతూ డబ్బా మీద పడ్డాను. మిల్లులో వాళ్లు కిటికీల్లోంచి చూసి చప్పట్లు కొట్టారు. ఒకాయన "హల్వార్, సర్కస్ ఎప్పుడు?" అని అడిగాడు. నీ కొండ మలుపుల గురించి మనిద్దరం ఇంత వాదించుకున్నామా, ఇవాళ్టికి మన ఇద్దరిలో మలుపులు తిప్పుతున్నవాణ్ని నేను.

గేటు ఇంకా తెరవలేదు అక్కా. రెండు వారాలు పడుతుందని గుట్టోర్మ్ అన్నాడు. అంటే నువ్వు రాసింది ఇంకా జరగలేదు, అంతే. జరగడానికి టైముంది.

హల్వార్

*

షోల్డెన్
మే

హల్వార్,

నీ ఉత్తరం చేరింది. నీకు జవాబు రాయకూడదనుకున్నాను. లారీ డ్రైవర్లని పెట్టి అక్క మీద నిఘా వేసేంత మొనగాడివయ్యావన్నమాట. నీకు సైకిల్ నేర్పింది నేను. వెనక సీటు పట్టుకుని ఊరంతా పరిగెత్తింది నేను. నాకు నువ్వు ధైర్యం చెబుతున్నావా? రంగు డబ్బాల చుట్టూ తిరిగి!

ఇంతవరకు పొద్దున రాశాను. బస్సు పని అయిపోయింది. ఇప్పుడు మధ్యాహ్నం.

కంకర లేదు. రోడ్డు పొడిగా ఉంది, ఎండగా ఉంది. లోమ్ నుంచి ఇద్దరు కొత్తవాళ్లని వెంటేసుకుని ఇంటికి వస్తున్నాను. వాళ్లకి దారి చూపిస్తూ నేను ముందు. దిగుడులో ఎడమ మలుపు. వచ్చేటప్పుడు లోయ మన కుడిచేతి కిందే ఉంటుంది. నేను లెక్కలేనన్నిసార్లు తిప్పిన మలుపు, కళ్లు మూసుకుని తిప్పగలను. మంచులో రోడ్డు అంచు తెలియడానికి పాతే ఎర్ర కర్రలుంటాయి కదా, అవి ఆ వారమే పాతారు. మలుపు బయటి అంచున ఒక కర్ర. నేను దాని వంక చూశాను.

అంతే. ఎందుకు చూశానో తెలీదు. చూడకు చూడకు అని లోపల అరుస్తూనే ఉన్నాను. కన్ను అక్కడే అతుక్కుపోయింది. కన్ను ఎటో బండీ అటే. దాన్ని తిన్నగా పోయి కొట్టాను, కర్ర విరిగింది, నేను కింద బిర్చి పొదల్లో తేలాను. ఇద్దరు శిష్యులూ పైనుంచి చూస్తున్నారు. మొదటి రోజు మొదటి గంటలో వాళ్లకి నేను చెప్పే మొదటి పాఠం అది. "కంకర" అని నేనే అరిచాను కింద నుంచి, వాళ్లు అడగకముందే.

నాకు పడటమంటే భయం లేదురా. నా కన్నంటే భయం. అది నా మాట వినలేదు. బస్సులో ఆ కొండ కిందే రోజూ తిరుగుతాను, ఏం కాదు. బండెక్కి షెడ్డులో కూర్చుంటే చాలు, గోడకి ఉన్న మేకు కనిపిస్తుంది, ఇక దాన్నే చూస్తూ ఉంటాను. ఒక చిన్న మేకు. దాన్ని పీకి పారేశాను. ఇప్పుడు ఆ బొక్కని చూస్తున్నాను.

రబ్బరు వెంట్రుకలు అన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా రాలలేదు.

నీకు అబద్ధం ఎందుకు రాశానంటే, నీ దగ్గర ఒక్కడి దగ్గరైనా నేను కొండ దాటినదాన్నై ఉందామని. రాస్తుంటే నిజంగా దాటినట్టే ఉంది. ఎన్నో నెలల తర్వాత ఆ రాత్రి నిద్రపట్టింది. సిగ్గుగా ఉంది.

శనివారం గేటు తెరుస్తారట. బండి అమ్మేద్దామనుకుంటున్నాను. తూర్‌గైర్‌కి ఎవరో కొనేవాళ్లు తెలుసట.

సున్నివా

*

వారా
మే, ఉత్తరం అందిన రోజే

అక్కా,

అమ్మితే అమ్ము. నువ్వు బండి తోలకపోయినా నాకు అక్కవే. బస్సు తోలతావు, వాఫిల్స్ చేస్తావు, నన్ను తిడతావు. అవి చాలు.

కానీ ఒక్క సంగతి. ఇన్నేళ్లూ మలుపుల్ని నువ్వు పొగుడుతుంటే విన్నాను. మలుపులో భయానికి తీరిక ఉండదని నువ్వే అన్నావు. మరి ఎనిమిది నెలలుగా నువ్వున్నది ఎక్కడ? షెడ్డులో. తీరికలో. అది నా రోడ్డక్కా, నీ రోడ్డు కాదు. నాకు అలవాటు, నేను ఆ తీరికలో బతకగలను. నీకు దాని మీద ఎలా తోలాలో తెలీదు.

వెళ్లమని చెప్పను, వద్దని చెప్పను. వెళ్తే, లోమ్ చేరాక నీ మలుపు గుండా తిరిగి రాలేననిపిస్తే రాకు. అక్కడి నుంచి తూర్పుకి తిరుగు. పోను పోను రోడ్డు సాగి సూటిగా అవుతుంది. నేరుగా మా ఇంటికొచ్చెయ్. ఎన్నాళ్లయినా ఉండు. గున్నెల్ పక్క వేసి ఉంచుతానంది.

ఇవాళ ఎడమకి పడకుండా తిరిగాను.

హల్వార్

*

లోమ్
మే, శనివారం, కాఫీ కొట్టు బల్ల దగ్గర

హల్వార్,

ఈ కాగితం కొట్టువాళ్లది, అంటిన జామ్ వాళ్లది.

ఎండ లేదు. పొద్దున్నుంచి తుంపర, పొగమంచు. గేటు దగ్గరికి బండి మీదే వెళ్లాను, ఇంటి నుంచి గేటుదాకా ఎవరూ లేని దారిలో మెల్లగా. నన్ను చూసి అందరూ బళ్లు పక్కకి జరిపి దారిచ్చారు. తూర్‌గైర్ అరవలేదు. దగ్గరికొచ్చి "ఇంకో కప్పు తాగుదామా సున్నివా? తొందరేం లేదు" అన్నాడు. "తాగితే దారిలో ఆగాల్సొస్తుంది" అన్నాను. గేటు లేచింది. అప్పుడు మాత్రం వెనక నుంచి ఎవరో సన్నగా "పడ్డవాళ్లే ముందు" అన్నారు.

మొదటి హెయిర్‌పిన్‌లో కాలు కింద పెట్టేశాను. అవును, నేనే, కాలు కింద పెట్టి కొత్త పెళ్లికూతురిలా అడుగులో అడుగేస్తూ తిరిగాను. రెండోదాంట్లోనూ అంతే. వెనక మావాళ్లందరూ అదే నడక. వాళ్ల వెనక ఇల్లంత బండి లాక్కుంటూ ఒక జర్మనీ ఆయన హారన్ మీద హారన్. మావాళ్లలో ఒక్కడూ కదల్లేదు, ఒక్కడూ నన్ను దాటలేదు. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. నాలుగో మలుపుకి కోపం మిగిలింది. ఐదోదాంట్లో కాలు పెట్టలేదు.

నా మలుపు వచ్చింది. వెళ్లేటప్పుడు అది కుడి మలుపు, లోయ అవతలి పక్క. నేను విరగ్గొట్టిన చోట కొత్త కర్ర పాతారు. మిగతావన్నీ వెలిసిపోయాయి, అదొక్కటే ఎర్రగా ఉంది. చూశాను దాన్ని. తర్వాత మలుపు చివరికి చూశాను. బండి అటు వెళ్లింది. చెప్పుకోదగ్గంత ఒరగలేదులే, బస్సు ఇంకా ఎక్కువ ఒరుగుతుంది.

అసలు కష్టం పైన వచ్చింది. పైన చదునులో మంచుగోడల మధ్య రోడ్డు సూటిగా ఉంది, మలుపు లేదు, చెయ్యడానికేం లేదు. నీ రోడ్డు. అక్కడ పట్టుకుందిరా నన్ను. ఆసుపత్రి, ఆ పొదలు, మా ఆయన, షెడ్డులో మేకు, అన్నీ ఒక్కసారే వచ్చి వెనక సీట్లో కూర్చున్నాయి. హెల్మెట్ లోపలే ఏడ్చాను, అద్దం మసకబారి దారి కనబడలేదు. ఆపలేదు. ఆపితే వెనకవాళ్లందరూ ఆపాలి. నువ్వు ఇలాంటి దానిమీద రోజూ ఎలా తోలుతున్నావురా? నువ్వు కుర్చీలో కూర్చుంటావన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. గున్నెల్‌కి కూడా చెప్పు, నాతో నేను కూర్చున్నానని, పది నిమిషాలు.

ఇక్కడ కేకు తిన్నాం. ఎవరూ టైరు చూడలేదు. ఆచారం ఇక్కడితో సరి, తిరుగు ప్రయాణం ఎవరి ఇష్టం వాళ్లది. మావాళ్లు ఇద్దరిద్దరు చొప్పున వెళ్లిపోయారు. నేనే పొమ్మన్నాను. తూర్‌గైర్ బావమరిది వ్యాను ఖాళీగా షోల్డెన్ దిగుతోందట. బండి అందులో ఎక్కించుకుంటాం, నువ్వు ముందు కూర్చో, ఎవరికీ చెప్పం అన్నారు బావా బావమరుదులిద్దరూ. వ్యాను కొట్టు ముందే ఆగి ఉంది. తూర్పు రోడ్డు కూడా ఇక్కడి నుంచే కనిపిస్తోంది. నువ్వు చెప్పినట్టే ఉంది, కిందికి దిగి సాగిపోతోంది. గున్నెల్ వేసిన పక్క గురించి ఆలోచించాను. చాలాసేపు ఆలోచించాను.

వచ్చేటప్పుడు అది ఎడమ మలుపు. లోయ నా కుడిచేతి కింద, ఆ ఎర్ర కర్ర నా ఎదురుగా. నాకు భయంగా ఉంది, హల్వార్. కప్పు పట్టుకుంటే వణుకుతోంది, ఈసారి చలికి కాదు.

వ్యాను వద్దని చెప్పి వచ్చాను. వాళ్లు వెళ్లిపోయారు.

ఈ ఉత్తరం ఇక్కడే డబ్బాలో వేసి బయల్దేరుతున్నాను. ఇంటికి చేరాక రాస్తే, ఎలా జరిగినా బ్రహ్మాండంగా జరిగిందనే రాస్తాను. నా సంగతి నీకు తెలుసుగా.

అక్క